తడి గోడకు పూత ఆఖరున, పైపు పని మొదట

మీరు చెప్పిన సంగతిని నాకు అర్థమైనట్టుగా ఒకసారి చెప్పుకొని మొదలుపెడతాను. ఒడిశాలోని పర్లాకిమిడిలో మీ తాతగారు కట్టించిన పెంకుటిల్లు. నడిమి గదికీ వెనుక స్నానాల గదికీ మధ్య ఉన్నది కర్ర రాటల నడుమ వెదురు తడిక కట్టి మట్టి మెత్తిన గోడ. స్నానాల గదిని తరువాతి కాలంలో కలిపారు, అప్పుడే గోడలో జీఐ పైపు, అంటే జింకు పూత ఉన్న ఇనుప పైపు, దించి పైన సిమెంటు పూశారు. ఇప్పుడు నడిమి గది వైపు మూడడుగుల ఎత్తు దాకా తడి ఎక్కింది, పూత ఉబ్బి రాలుతోంది. ఒక రాట మొదట్లో స్క్రూడ్రైవరు గుచ్చితే వేలెడు లోతు దిగిపోయింది. పాత పూత ఊడగొట్టి, తడి ఆపే మందు కలిపిన సిమెంటు పూత వేస్తే సరిపోతుందని తాపీ మేస్త్రీ అన్నారు. కారుతున్న ముక్క మారిస్తే చాలని ప్లంబరు అన్నారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి, ముందు ఏ పని చేయించాలి అన్నది మీ ప్రశ్న.

ఇద్దరి మాటా వినవద్దు. మేస్త్రీ చెప్పినట్టు చేస్తే గోడ ఏడాది పాటు అందంగా ఉంటుంది, లోపల రాట పూర్తిగా పోతుంది. ప్లంబరు చెప్పినట్టు చేస్తే ఆర్నెల్లలో అదే పైపు మరోచోట కారుతుంది. వాళ్లకు పని తెలియదని నేను అనడం లేదు. ఒకరు పూతనే చూశారు, ఒకరు పైపునే చూశారు. మీ ఇంట్లో చెడినది ఆ రెండింటికీ మధ్య ఉన్న కర్ర. దాని గురించి మీతో ఎవరూ మాట్లాడినట్టు లేదు.

పర్లాకిమిడి, పాతపట్నం, గుణుపురం చుట్టుపక్కల పాత ఇళ్ల మరమ్మతులు ముప్పై ఏళ్లకు పైగా చేస్తున్నాను. ఇలాంటి గోడలను చాలా విప్పాను. తడిక గోడలో బరువు మోసేది మట్టి కాదు. పెంకు బరువు వాసాల మీదికి, వాసాల నుంచి దూలం మీదికి, దూలం నుంచి రాటల మీదికి, రాట నుంచి కింద ఉన్న రాతి దిమ్మ మీదికి దిగుతుంది. తడిక, మట్టి ఆ రాటల మధ్య కట్టిన తెర మాత్రమే. అందుకే పూత ఊడిన గోడను చూసి భయపడక్కర లేదు. మెత్తబడిన రాటను చూస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు.

మట్టి గోడ, సున్నపు పూత తడిని పీల్చుకుంటాయి, తిరిగి గాలికి వదిలేస్తాయి. వానాకాలంలో చెమ్మగిల్లిన గోడ మాఘమాసానికి ఎండిపోతుంది. దాని మీద సిమెంటు పూస్తే లోపలికి చేరిన నీళ్లకు బయటికి దారి ఉండదు. ఒక చోట ఆగిన నీళ్లు పైకి ఎక్కుతాయి, రాట చుట్టూ చేరుతాయి. కర్రలో తడి 20 శాతం లోపు ఉంటే పుచ్చు పట్టదు. అది ఎప్పుడూ తడిసి ఉండి, గాలి తగలకపోతే టేకైనా గుగ్గిలం కర్రైనా నిలవదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత మా వైపు ఎన్నో ఇళ్ల పెంకులు లేచిపోయి గోడలు నానాయి. ఒకే వీధిలో పక్కపక్కన ఉన్న రెండు ఇళ్లు నాకు బాగా గుర్తు. ఒకరు సున్నపు పూతతోనే ఉంచుకుని, తలుపులు తెరిచి, వేసవి దాకా ఆగారు. రెండో వారు దీపావళికి ఇల్లు బాగుండాలని నెల తిరగకుండా నానిన గోడల మీదే సిమెంటు పూయించారు. మూడేళ్ల తరువాత ఆ రెండో ఇంటికి నన్ను పిలిచారు. పూత పలక ఒకటి చేత్తో లాగితే వచ్చేసింది, దాని వెనుక రాట లేదు. రాట ఆకారంలో చెద మన్ను నిలబడి ఉంది. దూలం పక్క రెండు రాటల మీదే వేలాడుతోంది. ఆ గదిలో అప్పటికి పసిపిల్ల నిద్రపోతోంది. ఆ రోజు నుంచి పూత గురించి ఎవరు అడిగినా ముందు రాటల గురించి చెబుతున్నాను.

మొదటి పని, నీళ్లు ఎక్కడివో తేల్చుకోవడం. మీరు జీఐ పైపే కారణం అనుకుంటున్నారు. కావచ్చు. కానీ స్నానాల గది గోడకు నీళ్లు మూడు దారుల్లో వస్తాయి: పైపు, నేల లేదా మురుగు గొట్టం, వాన లేదా భూమి తడి. మూడింటినీ పగలగొట్టకుండానే వేరుచేసి చూడవచ్చు.

రాత్రి అందరూ పడుకునే ముందు ట్యాంకు నింపి, ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో నీటి మట్టం దగ్గర పెన్సిలుతో గీత పెట్టండి. పొద్దున్నే ఎవరూ నీళ్లు వాడక ముందు చూడండి. మట్టం గీత కన్నా దిగితే కారేది పైపైనా కావాలి, ట్యాంకైనా కావాలి. మరుసటి రాత్రి ట్యాంకు కిందనున్న వాల్వు మూసి ఇదే పరీక్ష మళ్లీ చేయండి. అప్పుడు కూడా మట్టం దిగితే చిల్లు ట్యాంకుకే ఉంది, గోడకు సంబంధం లేదు; దిగకపోతే కారేది పైపే. రెండు రాత్రులూ మట్టం కదలకపోతే నేలను అనుమానించండి. స్నానాల గది తూమును పాత గుడ్డ ఉండతో గట్టిగా మూసి, నేల మీద అంగుళం నీళ్లు నిలిపి, బట్టలకు వేసే నీలం కొంచెం కలిపి పూట ఉంచండి. అవతలి గదిలో గోడ అడుగున నీలం కనిపిస్తే గచ్చు, గోడ కలిసే మూల చీలింది. కనిపించకపోతే గుడ్డ తీసి ఆ నీళ్లు వదలండి. వదిలిన తరువాత నీలం వస్తే మురుగు గొట్టం అతుకు వదిలింది. మట్టి గోడలో రంగు బయటికి రావడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు, తొందరపడి మరో నిర్ణయానికి రాకండి.

తడి మచ్చ ఆకారం కూడా చాలా చెబుతుంది. పైపు కారితే మచ్చ ఒక చోట మొదలై గుండ్రంగా, కిందికి జారినట్టు ఉంటుంది. భూమి తడి అయితే గోడ పొడవునా ఒకే ఎత్తులో, తెల్లని ఉప్పు అంచుతో ఉంటుంది. మీరు మూడడుగుల ఎత్తు అన్నారు గానీ అది గోడ పొడవునా సమంగా ఉందా, ఒక చోట ఎక్కువ ఉందా చెప్పలేదు. ఒకసారి చూడండి. చూసిన రోజు ఎంత వరకు ఉందో బొగ్గుతో గీత గీసి తేదీ వేయండి. పైపు కట్టేశాక ఆ గీత కిందికి దిగుతోందా లేదా అన్నదే మీకు అన్నిటికన్నా నమ్మకమైన సాక్ష్యం.

ఇక పైపు. పాత జీఐ పైపును ఒక్కసారి కోసి అడ్డంగా చూడండి. బయట బూడిద రంగులో గట్టిగానే ఉంటుంది. లోపల తుప్పు గడ్డలు గడ్డలుగా పెరిగి, అరంగుళం రంధ్రంలో పెన్సిలు దూరేంత సందు మిగులుతుంది. గోధుమ రంగు నీళ్లు, స్నానాల గదిలో సన్నబడిన ధార, అన్నీ అందులోంచే. పైపులో మరలు కోసిన చోట ఉక్కు పలచబడి ఉంటుంది గనుక మొదట చిల్లు పడేది అతుకుల దగ్గరే. ఒక ముక్క మార్చడానికి రెంచి పెట్టి తిప్పితే ఆ బలం పక్క అతుకు మీద పడుతుంది. అది అప్పటికే తుప్పుతో నిలబడి ఉంది. ఆ రోజు కారదు, పూత పూశాక కారుతుంది. అందుకే ముక్క మార్చడం వద్దంటున్నాను. ట్యాంకు నుంచి కుళాయి దాకా ఆ వరుస మొత్తం తీసేయండి.

కొత్త పైపును మళ్లీ ఆ గోడలో పెట్టకండి. ఈ ఒక్క మాటలో నేను రాజీపడను. మీ ప్లంబరు ఒప్పుకోకపోతే ప్లంబరునే మార్చండి. కర్ర, మట్టి ఉన్న గోడలో నీళ్ల పైపు దాచడం వల్లనే ఇదంతా వచ్చింది. స్నానాల గది లోపలి వైపు, గోడ బయట, కంటికి కనిపించేలా క్లాంపుల మీద నడిపించండి. కనిపిస్తే అందం తగ్గుతుందని ఇంట్లో వాళ్లు అంటారు. కారిన రోజే తెలుస్తుందని వాళ్లకు చెప్పండి.

ఇంటి లోపలికి సీపీవీసీ పైపు, అంటే వేడినీళ్లకు ఆగే ప్లాస్టిక్ పైపు, వేసుకోండి. మామూలు పీవీసీ వేడినీళ్లకు పనికిరాదు, మెత్తబడి వంగుతుంది. సీపీవీసీ అతుకుకు దాని జిగురే వాడాలి, పీవీసీ డబ్బా తెచ్చి పూస్తే పట్టదు. పైపు కోసిన అంచు గరుకు తీసి, గుడ్డతో తుడిచి, పైపుకూ ఫిట్టింగుకూ రెండింటికీ జిగురు రాసి, దూర్చి, పావు వంతు తిప్పి అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి. హడావిడి ప్లంబర్లు ఆ అర నిమిషాన్నే మింగేస్తారు. ఆ పైపు వేడికి సాగుతుంది కూడా. పది అడుగుల పైపులో నీళ్లు 40 డిగ్రీలు వేడెక్కితే సుమారు 8 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అందుకే క్లాంపును పిడికిలి బిగించినట్టు బిగించకూడదు, పైపు జారేలా ఉండాలి. క్లాంపులు మూడడుగులకు ఒకటి వేయండి. గీజరుకు నేరుగా తగిలించకుండా మొదటి అడుగు ఇత్తడి లేదా ఉక్కు గొట్టం పెట్టండి. ట్యాంకు నుంచి దిగే పైపు ఎండలో ఉంటే దానికి రంగు పూయాలి, ఎండకు సీపీవీసీ పెళుసెక్కుతుంది. మిగిలిన పాత జీఐకి కలపాల్సిన చోట ఇత్తడి మరలున్న ఫిట్టింగే వాడండి, ప్లాస్టిక్ మరను ఇనుములోకి బిగిస్తే చీలుతుంది.

జిగురు ఆరడానికి ఒక రోజు వదిలి, తరువాత చేతి పంపుతో ఒత్తిడి పరీక్ష చేయించండి. పది మీటర్ల ఎత్తు నీళ్లు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి ఇస్తాయి. మీ ట్యాంకు ఒక అంతస్తు పైన ఉంది గనుక రోజూ పైపు మీద అంతకన్నా తక్కువే ఉంటుంది. నేను 5 కిలోలకు ఎక్కించి రెండు గంటలు ఉంచుతాను. పంపు మీటరు ముల్లు కదలకూడదు. ఒక్కో అతుకు చుట్టూ పొడి కాగితం చుట్టి చూడండి, కంటికి కనిపించని చెమ్మను అది చూపిస్తుంది.

మురుగు గొట్టం వదిలిందని తేలితే దాన్ని కూడా ఇప్పుడే మార్చండి. నాలుగంగుళాల గొట్టానికి నలభై అడుగుల్లో ఒక అడుగు వాలు చాలు, అంటే పది అడుగులకు మూడు అంగుళాలు. నేల తూము కింద నీళ్లు నిలిచి వాసన ఆపే ట్రాప్ తప్పక ఉండాలి.

ఇప్పుడు రాటల దగ్గరికి వస్తాను. గోడ విప్పక ముందే దూలానికి ఊతం పెట్టాలి. రెండు ఇనుప జాకీలు రాటకు ఇటూ అటూ అడుగున్నర దూరంలో నిలపండి. జాకీ పాదం కింద మందపాటి చెక్క పలక, పైన దూలానికి ఆనేచోట కూడా పలక. నేల గచ్చు మీద నేరుగా పెడితే అది గచ్చును పగలగొట్టుకుని దిగిపోతుంది. జాకీని దూలాన్ని లేపడానికి తిప్పకూడదు, బరువు అందుకునే దాకా మాత్రమే తిప్పాలి. పై నుంచి సన్నగా కిర్రుమన్న శబ్దం రాగానే ఆపేయాలి. ఏళ్ల తరబడి వంగి నిలబడిన దూలాన్ని ఒక్క పూటలో సమం చేయాలని చూస్తే పెంకులు జారిపోతాయి, పక్క గోడ చీలుతుంది. నా మొదటి రోజుల్లో నేను ఆ పొరపాటు చేశాను. ఇంటివాళ్ల పూజగది గోడ నిలువునా పగిలింది, ఆ గోడను నా ఖర్చుతో తిరిగి కట్టించాను.

ఒకసారి ఒక్క రాటనే ముట్టండి. దాన్ని ముగించి, కొత్త బరువు ఎక్కించి, తరువాతి దానికి వెళ్లండి. చుట్టూ మట్టి నెమ్మదిగా తీసి, రాట పొడవునా అడుగడుగునా సుత్తితో తట్టి వినండి. గట్టి కర్ర ఖంగుమంటుంది, పుచ్చింది డొల్లగా పలుకుతుంది. స్క్రూడ్రైవరు దిగనిచోట గీత పెట్టి, దానికి పైన ఇంకో ఆరంగుళాలు గట్టి కర్రలోకి వెళ్లి కోయించండి. కింది ముక్క కొత్తది వేసి, సగం సగం చెక్కిన నిలువు అతుకుతో కలిపి, రెండు మరబోల్టులు వేయాలి. అతుకు పొడవు రాట మందానికి మూడింతలకు తక్కువ కాకూడదు. ఇందుకు పచ్చి కర్ర కొనకండి, ఆరాక మెలితిరుగుతుంది. విప్పిన పాత ఇంటి గుగ్గిలం వాసమో టేకు రాటో దొరికితే అంతకన్నా మంచిది లేదు. మా దగ్గర వడ్రంగులు ఎక్కువగా ఒడియా వాళ్లే. బఢెయి అని అడిగితే దొరుకుతారు. పాత అతుకులు తెలిసిన పెద్దవాణ్ణి వెతకండి, కుర్రవాళ్లలో చాలామందికి ఇప్పుడు ప్లైవుడ్ పనే తెలుసు.

కొత్త ముక్క కింద పాత రాతి దిమ్మ ఉంటే దాని మీదే నిలపండి, లేకపోతే కొత్తది వేయించండి. దిమ్మ పైభాగం నేల కన్నా నాలుగు అంగుళాలైనా ఎత్తులో ఉండాలి. రాటకూ రాయికీ మధ్య తారు అట్ట పరచండి. రాట కొన కోత తడిని గట్టిగా పీల్చేది గనుక నిలబెట్టక ముందే దానికి తారు రెండు చేతులు పట్టించండి. రాట అడుగును సిమెంటు కాంక్రీటులో పాతేయమని ఎవరైనా చెబితే వినకండి. చూడటానికి బలంగా అనిపిస్తుంది, కాంక్రీటు దొన్నెలో నీళ్లు నిలిచి కర్ర అక్కడే కుళ్లుతుంది.

చెద ఉందో లేదో గోడ విప్పిన రోజే చూడండి. కర్ర మీద మట్టి దారాలు కనిపిస్తే ఉన్నట్టే. ఒడియాలో వీటిని ఉయి అంటారు, మీ పనివాళ్లు ఆ మాటతోనే చెబుతారు. పై దారాలు చీపురుతో తుడిస్తే పని అయిపోదు, పుట్ట నేలలో ఉంటుంది. నేల, గోడ కలిసే అంచున అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి మందు ఎక్కించి మూసేస్తారు. ఒక్కో రంధ్రానికి లీటరు దాకా పడుతుంది. మీ ఇంట్లో నుయ్యి ఉంటే దానికి దగ్గరగా ఆ మందు వేయించకండి.

స్నానాల గది వైపు గోడకు నా సలహా ఒకటి ఉంది. ఆ తడిక గోడకు ఇక మీదట నీళ్లు తగలనీయకూడదు. దానికి రెండంగుళాలు ఎడంగా, స్నానాల గది లోపల, అర ఇటుక గోడ విడిగా కట్టించండి. ఎత్తు ఐదడుగులు చాలు. టైల్సు, కుళాయి, పైపు క్లాంపులు అన్నీ దాని మీదే. మధ్య సందుకు పైన, కింద గాలి ఆడేలా చిన్న కంతలు వదలండి. గదిలో అరడుగు చోటు పోతుంది. కానీ టైల్సు వెనుక చెమ్మ చేరినా మీ రాటల దాకా రాదు. ఈ పద్ధతిలో చేసిన ఇళ్లలో పదిహేనేళ్లు దాటినవి కూడా ఉన్నాయి, వాటిలో ఒక్క రాటకు కూడా మళ్లీ చేయి పెట్టాల్సిన పని పడలేదు.

తడిక మార్చాల్సి వస్తే చలికాలంలో నరికిన వెదురు తెప్పించి, మూడు నాలుగు వారాలు పారే నీళ్లలో నానబెట్టి నీడలో ఆరబెట్టండి. వెదురులోని పిండి పదార్థం నీళ్లలో పోతే పురుగు తొలవదు. మెత్తే మట్టిలో తరిగిన ఎండుగడ్డి వేసి వారం తొక్కి నానబెట్టాలి. ఎంత బాగా పులిస్తే పగుళ్లు అంత తక్కువ. అది పూర్తిగా ఆరాక ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుకతో పూత. సున్నం కలిపేటప్పుడు కళ్లద్దాలు లేకుండా ఎవరినీ ఆ పని దగ్గరికి రానివ్వకండి, కంట్లో పడితే చూపు పోతుంది. సున్నపు పూత గాలి పీల్చి గట్టిపడుతుంది గనుక దానికి వారాలు కావాలి. తరువాత ప్లాస్టిక్ రంగులు వద్దు, సున్నమే కొట్టండి.

ఈ పనికి మంచి కాలం సంక్రాంతి తరువాత నుంచి మే నెలాఖరు దాకా. వానలు పడ్డాక గోడ విప్పవద్దు, అక్టోబరులో అసలే వద్దు. ఆ నెలలో తుపాను వస్తే జాకీల మీద నిలబెట్టిన ఇంటి కప్పును ఎవరూ కాపాడలేరు. అయితే పైపు కట్టేయడానికీ, మెత్తబడిన రాట పక్కన ఊతం పెట్టడానికీ ముహూర్తం చూడనక్కర లేదు. అవి ఈ వారమే చేయండి, ఆ గదిలో ఎవరినీ పడుకోనివ్వకండి. గోడలో కరెంటు తీగలు కూడా ఉంటే మెయిన్ ఆపకుండా తడి గోడ మీద చేయి వేయకండి.

డబ్బు ఒకేసారి సమకూరదని రాశారు. అలాగైతే ఈ ఏడాది పైపులు, మురుగు గొట్టం, రాటలు చేయించండి. గోడను మట్టి మెత్తి అలాగే వదిలేయండి. అది ఒక వేసవి అంతా అలా ఆరితే గోడకే మేలు. టైల్సు, సున్నం వచ్చే ఏడు చూసుకోవచ్చు. ఎవరైనా పూత ముందు వేయించి రాటలు తరువాత చూద్దామంటే ఆ అంచనా కాగితం తిరిగి ఇచ్చేయండి.

ఇంజనీరును పిలవాలా అని కూడా అడిగారు. వీధిలో నిలబడి ఇంటి కప్పు వెన్ను వైపు చూడండి. అది నిటారు గీతలా ఉంటే మంచి వడ్రంగి, మంచి మేస్త్రీ చాలు. మధ్యలో దిగబడినట్టు ఉంటే, లేదా ఈ మధ్యే తలుపులు పట్టేయడం మొదలైతే, లేదా మెత్తబడిన రాట నడి దూలాన్ని మోసేదైతే జాకీ పెట్టే ముందే ఇంజనీరును తీసుకొచ్చి చూపించండి. పక్కింటి వాళ్లతో గోడ కలిసి ఉంటే పని మొదలుపెట్టే ముందు వాళ్లను లోపలికి పిలిచి రాటలు చూపించండి. మీ గోడలో చేరిన తడి చాలాసార్లు వాళ్ల గోడలో కూడా ఉంటుంది, జాకీలు ఎలాగూ తెస్తారు గనుక ఇద్దరి పనీ ఒకేసారి అయిపోతుంది. ట్యాంకు గీత ఎంత దిగిందో, నీలం ఎక్కడ కనిపించిందో రాయండి. ఆ రెండూ తెలిస్తే ఏ రాటతో మొదలుపెట్టాలో కూడా చెబుతాను.